తెల్లారకముందే తొలి మ్యాచ్

అరకులో వలిసె పూలు విరగబూసే రోజుల్లోనే అమెరికాలో ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్ సీజన్ మొదలవుతుంది. న్యూయార్క్‌లో రాత్రి ఏడున్నర ఆటంటే అక్టోబరులో మనకు తెల్లవారుజామున 5 గంటలు. పొగమంచులో దుప్పటి కప్పుకుని ఫోన్‌లో చూడాల్సిందే!

ఒక్కో జట్టుకు 82 మ్యాచ్‌లు. మొదట్లో ఒకటి ఓడితే కొంప మునగదు. 2010-11లో మయామి హీట్ తొలి 17లో 8 ఓడినా ఫైనల్‌కి చేరింది. 2015-16లో గోల్డెన్ స్టేట్ వారియర్స్ వరుసగా 24 గెలిచి మొదలుపెట్టింది, మొత్తం 73 గెలిచింది. తీరా ఫైనల్లో ఓడింది. ఈ లెక్కలన్నీ అభిమానికి కంఠతా వచ్చు. అయినా అలారం పెడతాడు.

నవంబరు మొదటి ఆదివారం అమెరికా వాళ్లు గడియారం గంట వెనక్కి తిప్పుతారు. అప్పట్నుంచి ఆట మనకు ఆరింటికి. గంట నిద్ర లాభమే కానీ, ఆఖరి క్వార్టర్ సరిగ్గా కాలేజీకి బయల్దేరే వేళకు వచ్చిపడుతుంది.