చిగుళ్ళ జబ్బుకు పుక్కిలి మందు ఒక్కటే చాలదు

కంకిపాడులో ఒక ఇల్లు. ఆ ఇంట్లో అత్త, కోడలు. పొద్దున్నే అత్త పళ్ళు తోముకుని ఉమ్మింది. ఉమ్ములో రక్తం. ఏడాదిగా ఇదే వరస. ఇప్పుడు ముందు పన్ను ఒకటి కదులుతోంది. నోరు వాసన వస్తోందని నలుగురిలో కొంగు అడ్డం పెట్టుకుని మాట్లాడుతోంది.

"మందుల షాపులో పుక్కిలి మందు తెచ్చుకున్నానే. అదే తగ్గుతుంది" అంది అత్త.

"రెండు నెలల నుంచీ పుక్కిలిస్తున్నారు కదా అత్తయ్యా! రక్తం ఆగలేదు. పైగా పళ్ళు నల్లబడ్డాయి" అంది కోడలు.

ఇద్దరూ బస్సెక్కి విజయవాడ వెళ్ళారు. పళ్ళ డాక్టరమ్మ నోరు చూసి ఇలా చెప్పింది.

రక్తం ఎందుకు వస్తుంది?

పళ్ళ మీద రోజూ పాచి పడుతుంది. పాచి నిండా కంటికి కనపడని క్రిములు ఉంటాయి. సరిగా తోమకపోతే పాచి గట్టిపడి గార అవుతుంది. చిగురు వాస్తుంది. తాకితే రక్తం వస్తుంది. తర్వాత చిగురు పంటిని వదిలేస్తుంది. ఆ సందులో క్రిములు చేరి, పంటిని పట్టి ఉంచే ఎముకను కరిగిస్తాయి. కాలవ గట్టు మన్ను జారిపోతే గట్టు మీది చెట్టు ఒరుగుతుంది కదా! పన్నూ అంతే. ఈ జబ్బులో నొప్పి పెద్దగా ఉండదు. అందుకే చాలామంది ఆలస్యం చేస్తారు.

పుక్కిలి మందు ఏం చేస్తుంది?

ఈ మందుల్లో బాగా పనిచేసేది క్లోర్‌హెక్సిడిన్. దీనితో రోజుకు రెండుసార్లు పుక్కిలిస్తే కొత్త పాచి పట్టకుండా ఆగుతుందని 1970లో డెన్మార్క్‌లో పరీక్ష చేసి చూపించారు. కానీ ఇది గారను తీయలేదు. చిగురు సందుల అడుగుదాకా పోదు. గిన్నె అడుగున మాడు నీళ్ళతో తొలిపితే పోతుందా? గీకాలి. గారను కూడా డాక్టరే తీయాలి. మందు దానికి తోడు మాత్రమే.

గార తీయిస్తే పళ్ళు వదులవుతాయని కొందరు భయపడతారు. అది నిజం కాదు. కొద్ది రోజులు పళ్ళు జివ్వుమంటాయి. తర్వాత తగ్గుతుంది.

మందు ఎలా వాడాలి?

- సీసా మీద 0.2 అనే అంకె ఉందేమో చదవండి. మందు గడువు తేదీ కూడా చూడండి.
- డాక్టరు చెప్పిన కొలతే వాడండి. మామూలుగా 10 మిల్లీలీటర్లు, అంటే రెండు చిన్న చెంచాలు. ఒక నిమిషం పుక్కిలించి ఉమ్మేయండి. మింగకండి.
- పేస్టుతో తోమిన వెంటనే వాడకండి. అరగంట ఆగండి.
- డాక్టరు చెప్పినన్ని రోజులే వాడండి. ఎక్కువ రోజులు వాడితే పళ్ళకు మరకలు పడతాయి, నాలుకకు రుచి మారుతుంది.

పొగాకు, గుట్కా మానాలి. షుగరు ఉన్నవాళ్ళు దాన్ని అదుపులో ఉంచుకోవాలి. షుగరు పెరిగితే చిగుళ్ళ జబ్బు ముదురుతుంది.

అత్త గార తీయించుకుంది. మరకలూ పోయాయి. రెండు వారాలు మందు పుక్కిలించింది. రెండు పూటలా మెత్తటి బ్రష్షుతో తోముకుంటోంది. రక్తం ఆగింది. కదిలే పన్ను మాత్రం దక్కలేదు. కరిగిన ఎముక దానంతటది తిరిగి పెరగదు మరి.

"నిరుడే వచ్చి ఉంటే ఆ పన్నూ ఉండేదే" అంది అత్త, కొంగు అడ్డం లేకుండా.

మీ ఇంట్లో ఎవరికైనా తోముకుంటే రక్తం వస్తోందా? ఈ రోజే అడగండి.