పిల్లలు ఎలా నేర్చుకుంటారు?

అరకు లోయ చుట్టూ కొండల మీద ఎన్నో ఊళ్ళు ఉన్నాయి. ఆ ఊళ్ళలో కొందరు కువి మాట్లాడతారు. కొందరు కొండ భాష మాట్లాడతారు. కొందరిది ఆదివాసీ ఒడియా. సంతకు వస్తే తెలుగు మాట్లాడతారు.

ఒక ఊళ్ళో ఆరేళ్ళ పిల్ల ఉందనుకోండి. ఇంట్లో ఆ పిల్ల నోరు మూయదు. మేకలను పేరు పెట్టి పిలుస్తుంది. తమ్ముణ్ణి ఆడిస్తుంది. ఇవి చోళ్ళు, ఇవి సామలు అని తేడా చెబుతుంది. బడికి వెళ్తే మాత్రం మూల కూర్చుంటుంది. పంతులుగారు ఏమడిగినా నేల చూపులు చూస్తుంది. "ఈ పిల్లకు చదువు రాదు" అంటారు అందరూ. తల్లి కూడా అదే నిజం అనుకుంటుంది. కొన్నాళ్ళకు పిల్ల బడి మానేస్తుంది. మేకల వెంట పోతుంది.

లోపం ఎక్కడ ఉంది? పిల్ల బుద్ధిలో ఉందా? అది తెలియాలంటే పిల్లలు ఎలా నేర్చుకుంటారో తెలుసుకోవాలి.

చేసి నేర్చుకుంటారు

స్విట్జర్లాండ్ దేశంలో పియాజే అనే శాస్త్రవేత్త ఉండేవాడు. ఆయన 1896లో పుట్టాడు, 1980లో చనిపోయాడు. తన ముగ్గురు పిల్లలు ఎలా పెరుగుతున్నారో చూసి రాసుకున్నాడు.

ఆయన చేసిన పరీక్ష ఒకటి ఉంది. దాన్ని ఎవరైనా ఇంట్లో చెయ్యొచ్చు. ఒకే రకం గ్లాసులు రెండు తీసుకోవాలి. రెండింటిలో నీళ్ళు సమానంగా పొయ్యాలి. పిల్లకు చూపించాలి. "రెండూ సమానమే" అంటుంది. ఇప్పుడు ఒక గ్లాసులోని నీళ్ళు సన్నటి పొడుగు సీసాలో పొయ్యాలి. "ఎందులో ఎక్కువ ఉన్నాయి?" అని అడగాలి. నాలుగైదేళ్ళ పిల్లలు చాలామంది "సీసాలో" అంటారు. నీళ్ళు ఎత్తుగా కనిపిస్తాయి కదా! ఏడెనిమిదేళ్ళు వచ్చాక "అవే నీళ్ళు, సమానమే" అంటారు.

చిన్న పిల్లలకు తెలివి లేక అలా చెప్పరు. ఆ వయసులో వాళ్ళు ఆలోచించే తీరు వేరు. పిల్లల బుర్ర ఖాళీ కుండ కాదు. పెద్దలు చదువు పోస్తే నిండిపోదు. పిల్లలు పట్టుకుని, పోసి, విప్పి, మళ్ళీ పేర్చి చూస్తారు. అలా తమ తెలివిని తామే కట్టుకుంటారు. అందరికీ ఒకే వయసులో అన్నీ రావు. ఒకరికి ముందు వస్తాయి, ఒకరికి వెనుక వస్తాయి.

తోడుంటే నేర్చుకుంటారు

రష్యాలో వైగోట్‌స్కీ అనే మరో శాస్త్రవేత్త ఉండేవాడు. ఆయనా 1896లోనే పుట్టాడు. క్షయ జబ్బుతో 1934లో చనిపోయాడు. అప్పటికి ఆయనకు 37 ఏళ్ళే. ఆయన చెప్పిన మాట కొండల్లో తల్లులందరికీ తెలిసిందే.

అడ్డాకులతో విస్తరి కుట్టడం చూడండి. పిల్ల ఒక్కతే కుట్టబోతే ఆకు చిరుగుతుంది, పుల్ల జారుతుంది. తల్లి ఆకులు కలిపి పట్టుకుంటే పిల్ల పుల్ల గుచ్చుతుంది. కొన్నాళ్ళకు తల్లి చెయ్యి తీసేస్తుంది. పిల్ల ఒక్కతే కుడుతుంది. ఈ రోజు తోడుతో చేసిన పని రేపు సొంతంగా చేస్తుంది. మరీ తేలిక పని ఇస్తే కొత్తగా ఏమీ రాదు. మరీ కష్టమైన పని ఇస్తే వదిలేస్తుంది. కొంచెం కష్టం, కొంచెం సాయం ఉండాలి.

సాయం చెయ్యాలంటే మాట కావాలి. చెప్పే మాట పిల్లకు అర్థం కావాలి. బడిలో చిక్కు ఇక్కడే వస్తుంది.

ఇంటి భాషలో నేర్చుకుంటారు

బడి పుస్తకంలో "నీరు" అని ఉంటుంది. ఆదివాసీ ఒడియా మాట్లాడే పిల్లకు తెలిసిన మాట "పాని". ఆ పిల్ల కొత్త అక్షరం నేర్చుకోవాలి. కొత్త మాట కూడా నేర్చుకోవాలి. రెండూ ఒకేసారి మీద పడతాయి. "పాని" అని రాసి చూపిస్తే కొత్తది అక్షరం ఒక్కటే.

ఈ సంగతి గుర్తించి 2004లో ఆంధ్రప్రదేశ్‌లో ఒక పని మొదలుపెట్టారు. 8 గిరిజన భాషల్లో పిల్లలకు వాచకాలు తయారుచేశారు. వాటిలో కువి, కొండ, ఆదివాసీ ఒడియా, సవర, కోయ ఉన్నాయి. భాష పిల్లలది, లిపి తెలుగు. ముందు ఇంటి భాషలో చదువు, తర్వాత మెల్లగా తెలుగు. ఇంటి భాషలో చదవడం వచ్చిన పిల్లకు తెలుగు చదవడం తేలిక.

సంతలోనూ నేర్చుకుంటారు

బ్రెజిల్ దేశంలో రెసీఫీ అనే పట్నం ఉంది. అక్కడ సంతలో కాయలు అమ్మే అయిదుగురు పిల్లలను పరిశోధకులు పరీక్షించారు. ఆ ఫలితాలు 1985లో అచ్చయ్యాయి. బేరం జరిగే చోట అడిగితే నూటికి 98 లెక్కలు సరిగ్గా చెప్పారు. అవే అంకెలను బడి లెక్కల్లా అడిగితే నూటికి 37 మాత్రమే సరిగ్గా వచ్చాయి. పిల్లలు వాళ్ళే, అంకెలూ అవే. అడిగిన తీరు మారింది.

అరకు సంతలో అల్లం, పసుపు, రాజ్మా అమ్మే తల్లి పక్కన కూర్చున్న పిల్ల కూడా లెక్క నేర్చుకుంటుంది. బడి లెక్కను ఆ సంత లెక్కతో కలిపి చెప్పాలి.

తల్లులు ఏం చెయ్యొచ్చు?

తల్లికి పెద్ద చదువు లేకపోయినా ఫరవాలేదు. ఇంటి భాషలో పిల్లతో బాగా మాట్లాడాలి. కథలు చెప్పాలి. "ఎందుకు?" అని పిల్ల అడిగితే కసురుకోకూడదు. గింజలు లెక్కపెట్టించాలి. తాను నేర్చుకున్న అక్షరాలతో ఇంట్లోవాళ్ళ పేర్లు రాసి చూపించాలి.

బడిని అడిగే హక్కు కూడా ఉంది. వీలైనంతవరకు పిల్లల మాతృభాషలోనే చదువు చెప్పాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. ఆ చట్టం ప్రకారం సర్కారు బడికి కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు ఉండాలి. సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. "మా పిల్లల భాష తెలిసిన పంతులు కావాలి, మా భాష వాచకం కావాలి" అని ఆ మీటింగులో అడగొచ్చు.

బడిలో నోరు విప్పని పిల్లను మొద్దు అనకండి. ముందు ఆ పిల్ల భాషలో అడిగి చూడండి.

చర్చించండి:
1. మీ ఊళ్ళో బడి మానేసిన పిల్లలు ఎవరు? ఎందుకు మానేశారు?
2. మీ అమ్మ దగ్గర మీరు ఏ పని నేర్చుకున్నారు? ఎలా నేర్చుకున్నారు?
3. మీ బడి కమిటీలో ఆడవాళ్ళు ఎంతమంది ఉన్నారు?