గల్ఫ్ ఫ్లైట్ ఇంజిన్‌లో మెటల్ కరిగే వేడి: బ్లేడును కాపాడేది చిన్న చిల్లుల్లోంచి వచ్చే గాలే

సోమల, పుంగనూరు, మదనపల్లె వైపు చాలా ఇళ్లలో ఎవరో ఒకరు కువైట్‌లోనో, సౌదీలోనో, దుబాయ్‌లోనో ఉంటారు. సెలవు మీద అబ్బా వస్తున్నారంటే ఇంట్లోవాళ్లు బెంగళూరు ఎయిర్‌పోర్టుకు కారు మాట్లాడుకుంటారు. అంతలో ఫ్లైట్ క్యాన్సిల్ అని మెసేజ్ వస్తే ఇక్కడ వండిన బిర్యానీ చల్లారిపోతుంది. అక్కడ ఆయన సెలవులో ఒక రోజు పోతుంది. కారణం అడిగితే ఎయిర్‌లైన్ వాళ్లు "టెక్నికల్ ప్రాబ్లం" అని ఒక్క మాటలో చెప్పేస్తారు.

ఆ మాట వెనక ఎన్నో విషయాలు ఉండొచ్చు. ఎడారి ఊళ్లకు తిరిగే విమానాల విషయంలో మాత్రం ఒకటి ముఖ్యమైనది. అది ఇంజిన్ లోపల నిప్పుల మధ్య తిరిగే చిన్న చిన్న బ్లేడుల సంగతి. అవి చల్లగా ఉన్నంత కాలమే ఇంజిన్ బాగుంటుంది. వాటిని చల్లగా ఉంచే గాలి దారి మూసుకుపోతే ఇంజిన్‌ను విప్పక తప్పదు.

ఇంజిన్ లోపల ఏం జరుగుతుంది?

విమానం రెక్క కింద వేలాడే ఇంజిన్‌ను గ్యాస్ టర్బైన్ అంటారు. పని తీరు సులువే. ముందు నుంచి గాలి లోపలికి వస్తుంది. కంప్రెసర్ ఆ గాలిని గట్టిగా నొక్కుతుంది. నొక్కిన గాలిలో ఇంధనం కలిసి మండుతుంది. మండిన వేడి గ్యాస్ వెనక్కి దూసుకుపోతూ టర్బైన్ చక్రాన్ని తిప్పుతుంది. ఆ చక్రమే ముందున్న కంప్రెసర్‌నూ, పెద్ద ఫ్యాన్‌నూ తిప్పుతుంది.

మంట ఎంత వేడిగా ఉంటే అదే ఇంధనంతో అంత ఎక్కువ పని జరుగుతుంది. ఇంధనం ఖర్చు తగ్గితే టికెట్ ధర మీద భారం కూడా తగ్గుతుంది. అందుకే ఇంజిన్ కంపెనీలు దశాబ్దాలుగా ఆ వేడిని పెంచుకుంటూ పోతున్నాయి. కొత్త ఇంజిన్లలో టర్బైన్‌ను తాకే గ్యాస్ వేడి 1500 డిగ్రీలు దాటుతుంది. నగల అంగడిలో బంగారం కరిగేది 1064 డిగ్రీల దగ్గర. బ్లేడుల కోసం వాడే నికెల్ మిశ్రమ లోహం కరిగేది సుమారు 1300 నుంచి 1350 డిగ్రీల మధ్య.

అంటే బ్లేడు దాన్ని కరిగించగల మంటలోనే నిలబడి ఉంటుంది. ఊరికే నిలబడటం కాదు, నిమిషానికి పది వేలకు పైగా చుట్లు తిరుగుతుంది. ఆ వేగానికి పెద్ద ఇంజిన్లో అరచేతిలో పట్టే ఒక్కో బ్లేడును బయటికి లాగే బలం పది టన్నుల పైమాటే.

గాలితోనే చల్లదనం

దీనికి ఇంజినీర్లు కనిపెట్టిన ఉపాయం గాలి. కంప్రెసర్ నొక్కిన గాలిలో కొంత భాగాన్ని మంటలోకి పోనివ్వకుండా పక్క దారిలో నేరుగా బ్లేడుల లోపలికి పంపిస్తారు. ఇది ఏసీ గాలి అనుకుంటే పొరపాటే. నొక్కడం వల్ల ఈ గాలి కూడా 600 డిగ్రీల వరకు, కొన్ని ఇంజిన్లలో ఇంకా పైకి వేడెక్కి ఉంటుంది. అయినా 1500 డిగ్రీల మంట ముందు అదే చల్లగాలి.

బ్లేడు పైకి ఘనంగా కనిపించినా లోపల డొల్ల. అందులో గాలి పైకి వెళ్లి, మలుపు తిరిగి కిందికి వచ్చి, మళ్లీ పైకి వెళ్లేలా సన్నని దారులు ఉంటాయి. ఆ దారుల గోడలకు చిన్న గట్లు పెడతారు. వాగులో నీళ్లు రాళ్లకు తగిలి సుడులు తిరిగినట్టు గాలి ఆ గట్లకు తగిలి సుడి తిరుగుతుంది, గోడలోని వేడిని ఎక్కువగా లాక్కుంటుంది. మంట నేరుగా కొట్టే ముందు అంచు దగ్గర లోపలి నుంచి గాలిని సూటిగా చిమ్ముతారు. వేడి చాయ్ మీద ఊదితే తొందరగా చల్లారినట్టే ఇది.

మూడో పద్ధతి అన్నిటికన్నా తెలివైనది. బ్లేడు ఒంటి మీద సుమారు అర మిల్లీమీటరు వెడల్పున్న చిల్లులు వరుసలుగా ఉంటాయి. లోపల తిరిగిన గాలి ఆ చిల్లుల్లోంచి బయటికి వచ్చి బ్లేడును అంటుకుని పలచని పొరలా పారుతుంది. మంటకూ లోహానికీ మధ్య అది దుప్పటిలా అడ్డుపడుతుంది. పెద్ద బట్టల షాపు వాకిట్లో పైనుంచి గాలి కొట్టే మెషిన్ బయటి వేడిని లోపలికి రానివ్వదు కదా, అదే లెక్క. దీనికి తోడు బ్లేడు మీద వేడిని ఆపే సిరామిక్ పూత కూడా వేస్తారు.

అలాగని గాలిని ఎంతంటే అంత వాడుకోవడానికి లేదు. కంప్రెసర్ ఆ గాలిని నొక్కడానికి శక్తి ఖర్చు పెట్టింది. దాన్ని చల్లదనానికి మళ్లిస్తే, అంగట్లో గల్లా పెట్టెలోంచి తీసి రిపేరుకు ఇచ్చిన డబ్బు లాంటిదే. కొత్త ఇంజిన్లలో లోపలి గాలిలో దాదాపు ఐదో వంతు ఇలాగే పోతుంది. తక్కువ గాలితో ఎక్కువ చల్లదనం ఎలా అన్నదే ఇంజినీర్ల లెక్క. ఆ లెక్క తప్పితే నష్టం పెద్దది. బ్లేడు లోహం అనుకున్నదానికన్నా 20, 30 డిగ్రీలు ఎక్కువ వేడెక్కినా దాని ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది.

ఎడారి దుమ్ముతో చిక్కు

ఇక్కడే గల్ఫ్ ప్రయాణం కథలోకి వస్తుంది. టేకాఫ్, ల్యాండింగ్ సమయంలో ఇంజిన్ గాలితో పాటు సన్నని దుమ్మును కూడా పీల్చుకుంటుంది. కువైట్, రియాద్ లాంటి చోట్ల గాలిలో ఆ దుమ్ము ఎక్కువ. అది రెండు విధాలుగా దెబ్బ తీస్తుంది.

చల్లగాలితో కలిసి బ్లేడు లోపలికి వెళ్లిన దుమ్ము దారుల్లో పేరుకుంటుంది, అర మిల్లీమీటరు చిల్లులను మూసేస్తుంది. మంటలోకి వెళ్లిన దుమ్ము సుమారు 1200 డిగ్రీలు దాటాక కరిగి గాజులా మారుతుంది. ఆ గాజు బ్లేడు మీద అతుక్కుని సిరామిక్ పూతలోకి ఇంకుతుంది. ఇంజిన్ చల్లారినప్పుడు గట్టిపడి పూతను పెచ్చులుగా ఊడదీస్తుంది. దుప్పటి చిరిగిన చోట లోహం కాలుతుంది.

దుమ్ము ఎంత పని చేయగలదో 1982 జూన్ 24న ప్రపంచం చూసింది. కౌలాలంపూర్ నుంచి పెర్త్ వెళ్తున్న బ్రిటిష్ ఎయిర్‌వేస్ జంబో జెట్ ఇండోనేషియాలో గలుంగుంగ్ అగ్నిపర్వతం బూడిదలోకి దూరింది. బూడిద ఇంజిన్లలో కరిగి అతుక్కుంది. నాలుగు ఇంజిన్లూ ఆగిపోయాయి. విమానం కిందికి జారుతూ బూడిద మేఘం నుంచి బయటపడ్డాక ఇంజిన్లు మళ్లీ అంటుకున్నాయి. జకార్తాలో దిగింది, అందులోని 263 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. ఎడారి దుమ్ము అలా ఒక్కసారిగా ఇంజిన్ను ఆపదు. అది నెమ్మదిగా ఆయుష్షు తింటుంది.

అందుకే ప్రయాణికులు కంగారు పడాల్సిన పని లేదు. మెకానిక్‌లు సన్నని గొట్టానికి కెమెరా కట్టి ఇంజిన్ లోపలికి పంపి బ్లేడులను చూస్తుంటారు. ఆసుపత్రిలో ఎండోస్కోపీ చేసినట్టే. కాలిన గుర్తు హద్దు దాటితే ఇంజిన్ను దించేస్తారు. భద్రత పోదు, పోయేది డబ్బు, సమయం. స్పేర్ ఇంజిన్ లేకపోతే విమానం నేల మీదే ఉంటుంది. గల్ఫ్‌కు తిరిగే చాలా విమానాల్లో వాడే లీప్ రకం ఇంజిన్లనే తీసుకుంటే, ఎయిర్‌బస్‌కు బిగించే లీప్-1ఏ కోసం తయారీ సంస్థ సీఎఫ్‌ఎం దుమ్ము, వేడి ఎక్కువున్న ప్రాంతాలను దృష్టిలో పెట్టుకుని టర్బైన్ బ్లేడును మార్చింది. దానికి 2024 డిసెంబరులో అనుమతి వచ్చింది.

హైదరాబాద్‌లో ఈ పని

ఇలాంటి బ్లేడు తయారుచేయడం చాలా కొద్ది దేశాలకే వచ్చు. ముందు గాలి దారుల ఆకారంలో సిరామిక్ ముక్క చేస్తారు. దాని చుట్టూ మైనం పోసి బ్లేడు రూపం తెస్తారు. దాని మీద అచ్చు కట్టి, మైనాన్ని కరిగించి, ఆ చోట లోహం పోస్తారు. పాతకాలం కంచు విగ్రహాలు పోసిన పద్ధతి కూడా ఇదే జాతిది. చివర్లో రసాయనంతో సిరామిక్‌ను కరిగిస్తే లోపల దారులు మిగులుతాయి. బయటి చిల్లులు లేజర్‌తోనో విద్యుత్ మెరుపుతోనో పొడుస్తారు. గాలి సరిగ్గా పోతోందో లేదో బ్లేడు బ్లేడుకూ పరీక్ష పెడతారు.

మేలైన బ్లేడు మొత్తం ఒకే స్ఫటికంగా, పటికబెల్లం పలుకులా గడ్డకట్టాలి. మామూలు లోహంలో రేణువుల మధ్య అతుకులు ఉంటాయి, వేడికి ముందు విడిపోయేవి అవే. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహ పరిశోధన సంస్థ డీఎంఆర్‌ఎల్ ఈ విద్య సాధించింది. హెలికాప్టర్ ఇంజిన్ కోసం అలాంటి 60 బ్లేడులను హెచ్‌ఏఎల్‌కు అందించినట్టు 2021 ఏప్రిల్‌లో డీఆర్‌డీఓ ప్రకటించింది.

రిపేరు పని కూడా దగ్గరికి వచ్చింది. శంషాబాద్ ఎయిర్‌పోర్టు దగ్గర ఫ్రెంచ్ కంపెనీ సాఫ్రాన్ కట్టిన లీప్ ఇంజిన్ల రిపేరు కేంద్రాన్ని 2025 నవంబరు 26న ప్రధాని నరేంద్ర మోదీ ఆన్‌లైన్‌లో ప్రారంభించారు. పూర్తి స్థాయికి చేరాక ఏడాదికి 300 ఇంజిన్ల దాకా బాగు చేయగలదు.

మదనపల్లె, పుంగనూరు, కుప్పంలో ఐటీఐ, పాలిటెక్నిక్, ఇంజినీరింగ్ చదివే పిల్లల తల్లిదండ్రులు గమనించాల్సిన విషయం ఇదే. ఈ పనికి లోహాల శాస్త్రం, వెల్డింగ్, మెషినింగ్, కొలతల్లో ఓపిక కావాలి. ఇంతకాలం మన ఇళ్ల నుంచి ఆ విమానం ఎక్కి వెళ్లినవాళ్లే ఎక్కువ. ఆ ఇంజిన్‌ను విప్పి, బ్లేడు చిల్లులు చూసి, మళ్లీ ఎగరడానికి పంపే చేతుల్లో కూడా మన పిల్లల చేతులు ఉండొచ్చు. దానికి కువైట్ దాకా పోనక్కర్లేదు, హైదరాబాద్ చాలు.