అడవికి హద్దు గీయడం ఎట్లు?

అశ్వారావుపేట నుండి కుక్కునూరు వైపు వెళ్ళే బాటసారికి పామాయిలు తోటలు దాటిన తరువాత టేకు, మద్ది, ఇప్ప, వెదురు గల అడవి ఎదురవుతుంది. 2014లో రాష్ట్ర విభజన జరిగినప్పుడు కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు ఖమ్మం జిల్లా నుండి ఆంధ్రప్రదేశ్‌లో చేరినవి. అందుచేత ఈ అడవుల మీదుగా ఇప్పుడు రెండు రాష్ట్రాల సరిహద్దు పోతున్నది. కణుజుకు ఆ సంగతి తెలియదు. కణుజును కాపాడవలసిన ప్రభుత్వం మాత్రం హద్దు వ్రాయనిదే అభయారణ్యం ఏర్పరచలేదు.

వ్రాయడానికి ముందు అడవిలో ఏమున్నదో తెలియాలి. అటవీ సిబ్బంది పాదముద్రలు, పెంటికలు, చెట్ల బెరడుపై గోళ్ళ గీతలు చూచి జంతువుల ఉనికిని గుర్తిస్తారు. 2006 నుండి నాలుగేండ్లకొకసారి దేశమంతటా పులుల లెక్క జరుగుతున్నది. ఇందుకు జంతువు ఎదుటికి రాగానే తమంతట తామే ఫోటో తీసే కెమెరాలను బాటల ప్రక్కన కడతారు. మన వ్రేలిముద్రల వలెనే ఏ రెండు పులుల చారలూ ఒకే విధంగా ఉండవు. కనుక ఒక పులిని రెండుసార్లు లెక్కించే పొరపాటు తగ్గుతుంది. అయితే పులి ఉంటేనే అడవి ముఖ్యమని తలచరాదు. పాపికొండల రాళ్ళ సందులలో బంగారు బల్లి నివసిస్తుంది. దాని ప్రజాతిలో మరొక్క జాతియే ఉన్నది, అదీ శ్రీలంకలో!

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం మొదట తన ఉద్దేశాన్ని ప్రకటిస్తుంది. హద్దులను బాటలు, నదులు, కొండగట్లు మొదలైన, అందరికీ తెలిసిన గుర్తులతో చెప్పితే చాలును. తరువాత కలెక్టరు ఆ ప్రాంతంలోను, చుట్టుప్రక్కలను ఉన్న ప్రతి గ్రామంలో ప్రాంతీయ భాషలో చాటింపు ప్రకటించాలి. హక్కు గలవారు రెండు నెలలలో చెప్పుకోవాలి. ఈ విచారణను గురించి పుస్తకాలలో ఒక వాక్యంతో సరిపెడతారు గాని, నిజమైన కష్టమంతా ఇక్కడనే ఉన్నది. ఇప్పపువ్వు, తునికాకు, పోడుసాగు మీద బ్రతికే కోయలకు, కొండరెడ్లకు ఆ రెండు నెలలు ఎంత విలువైనవో ఊహించండి. 2005 డిసెంబరు 13 నాటికి గిరిజనుల సాగులో ఉన్న అటవీభూమిపై హక్కును 2006 నాటి అటవీహక్కుల చట్టం గుర్తించింది. అభయారణ్యాలలోను అది వర్తిస్తుంది.

రక్షణలోనూ తరతమాలున్నవి. పాల్వంచ ప్రక్కనున్న కిన్నెరసాని 1977లో అభయారణ్యమైనది. 1978లో అభయారణ్యమైన పాపికొండలు 2008లో జాతీయోద్యానమైనవి. విస్తీర్ణం సుమారు 1,012 చదరపు కిలోమీటర్లు. పేరు మారితే ఏమి మారుతుంది? పశువుల కాపరిని అడగండి. అభయారణ్యంలో నిబంధనలకు లోబడి మేతను అనుమతించవచ్చును, కలెక్టరు కొన్ని హక్కులను కొనసాగనీయవచ్చును. జాతీయోద్యానంలో పశువుల మేత నిషిద్ధం.

అశ్వారావుపేట ఈ రెంటికీ నడుమ ఉన్నది. హద్దు దాటి పామాయిలు తోటలోకి వచ్చిన కణుజును చంపడం కూడా నేరమే. వేట నిషేధానికి అభయారణ్యపు హద్దుతో పనిలేదు. కాని అక్కడ కణుజుకు రక్షణ ఉన్నదే గాని, అది దాగే పొదకు లేదు. రైతు ఆ పొదను కొట్టి మరొక వరుస మొక్కలు నాటితే ఈ చట్టం అతనిని ప్రశ్నించదు.