నేల కూడా ఊపిరి వదులుతుంది.. సున్నపురాయి గడ్డి నేలల్లో కార్బన్ డయాక్సైడ్ ఎక్కడి నుంచి వస్తోంది?

కార్బన్ డయాక్సైడ్ అనగానే బండ్ల పొగ, ఫ్యాక్టరీ గొట్టాలే గుర్తొస్తాయి. కానీ మన కాళ్ల కింద ఉన్న మట్టి కూడా రాత్రీపగలూ ఈ గ్యాస్‌ను వదులుతూనే ఉంటుంది. బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ 0.04 శాతమే. అదే మట్టి రంధ్రాల్లోని గాలిలో దానికి పదుల రెట్లు ఉండొచ్చు. ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ డేల్స్ లాంటి చోట్ల సున్నపురాయి మీద పల్చటి మట్టి, దానిపై పచ్చగడ్డి ఉంటాయి. ఇలాంటి నేలల్లో లెక్క ఇంకాస్త చిక్కు. ఎందుకంటే అక్కడ రాయిలో కూడా కార్బన్ ఉంది!

ఎవరెవరు వదులుతున్నారంటే..

1. గడ్డి వేర్లు: ఆకులు ఎండలో తయారుచేసిన చక్కెరలో కొంత వేర్లకు చేరుతుంది. వేర్లు దాన్ని వాడుకుని కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతాయి. ఆకు పీల్చిన కార్బన్ కొన్ని గంటల నుంచి కొన్ని రోజుల్లోనే మట్టి నుంచి బయటకొచ్చేస్తుంది.

2. సూక్ష్మజీవులు: బ్యాక్టీరియా, ఫంగస్‌లు రాలిన గడ్డిని, చచ్చిన వేర్లను, పాత సేంద్రియ పదార్థాన్ని తింటూ గ్యాస్ వదులుతాయి. వేడి, తేమ రెండూ ఉంటే వీటి పని జోరందుకుంటుంది. ఎండిపోయిన నేల మీద వాన పడగానే ఒక్కసారిగా గ్యాస్ ఎగసిపడుతుంది. దీన్నే 'బర్చ్ ఎఫెక్ట్' అంటారు.

3. సున్నపురాయి: స్కూల్ ల్యాబ్‌లో సున్నపురాయిపై యాసిడ్ చుక్క వేస్తే బుస్సుమని నురగ వస్తుంది కదా.. ఆ నురగ కార్బన్ డయాక్సైడే. మట్టిలోనూ యాసిడ్లు పుడతాయి.

రాయి విషయంలో ట్విస్ట్ ఇదే!

వాన నీరు మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని బలహీనమైన కార్బానిక్ యాసిడ్‌గా మారుతుంది. అది రాయిని కరిగించేటప్పుడు గ్యాస్‌ను వదలదు.. పైగా వాడుకుంటుంది! ఆ నీరు కింద గుహలోకి చేరాక గ్యాస్ కొంత బయటికి పోతుంది, సున్నం మళ్లీ గట్టిపడుతుంది. మన బొర్రా గుహల్లో పైకప్పు నుంచి వేలాడే రాతి ఆకారాలు ఇలా ఏర్పడినవే.

కానీ అమ్మోనియా ఎరువులు వేస్తే కథ మారుతుంది. మట్టిలోని బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చేటప్పుడు పుట్టే బలమైన యాసిడ్, రాయితో కలిస్తే కోట్ల ఏళ్లుగా అందులో బందీగా ఉన్న కార్బన్ బయటపడుతుంది. పులిసిన పొలాలకు సున్నం చల్లినా ఇదే సమస్య. అందుకే దేశాల ఉద్గారాల లెక్కల్లో, ఒక టన్ను సున్నపురాయి పొడికి గరిష్ఠంగా 0.44 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వస్తుందని వేసుకుంటారు.

మరి ఎలా తేలుస్తారు?

గ్యాస్‌కు రంగు, వాసన లేవు. కానీ కార్బన్‌కు 'వేలిముద్ర' ఉంది. మొక్కలు తేలికైన కార్బన్-12ను ఎక్కువగా తీసుకుంటాయి. అందుకే వేర్లు, సూక్ష్మజీవుల నుంచి వచ్చే గ్యాస్‌లో బరువైన కార్బన్-13 తక్కువ. సముద్రంలో పుట్టిన సున్నపురాయిలో అది ఎక్కువ. ఇంకో ఆధారం కార్బన్-14. దాని పరిమాణం ప్రతి 5,730 ఏళ్లకు సగమవుతుంది. యార్క్‌షైర్ సున్నపురాయి వయసు 30 కోట్ల ఏళ్లకు పైనే కాబట్టి అందులో అది మిగలదు. వేర్ల వాటా తెలియాలంటే, వేర్లు రాకుండా అడ్డుకట్ట వేసిన చోటును మామూలు చోటుతో పోల్చి చూస్తారు.

ఇదంతా ఎందుకంటే..

గాలిలో, మొక్కల్లో ఉన్న మొత్తం కార్బన్ కన్నా ఎక్కువ కార్బన్ ప్రపంచవ్యాప్తంగా మట్టిలో ఉంది. వేర్ల నుంచి వచ్చేది నిన్నమొన్న గాలి నుంచి తీసుకున్నదే.. తిరిగి ఇచ్చేసినట్టు లెక్క. పాత సేంద్రియ పదార్థం కరిగిపోతే మాత్రం అది నిజమైన నష్టం. నేల సారం తగ్గుతుంది, వాతావరణం ఇంకా వేడెక్కుతుంది. రాయి నుంచి వచ్చిన గ్యాస్‌ను మట్టి ఖాతాలో రాస్తే, బాగున్న నేలను కూడా పాడైపోతోందని పొరబడే ప్రమాదం ఉంది. అందుకే ఎంత గ్యాస్ వచ్చిందన్నది తెలిస్తే చాలదు.. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియడమే ముఖ్యం.