గెడ్డ గట్టు మీద సైకిల్: చీపురుపల్లి నల్లరాయి కథ

ఈ రోజు ఎపిసోడ్‌లో చీపురుపల్లి చుట్టుపక్కల గెడ్డ గట్ల మీద మౌంటెన్ బైక్ ఎలా తొక్కాలో, ఆ దారిలో కనబడే నల్లరాళ్ల కథేంటో చెప్తాను.

మన దగ్గర ట్రయల్ అని బోర్డేమీ ఉండదు. పశువులు నడిచే దారి, బండి దారి, పక్కన గెడ్డ, తాటిచెట్లు, జీడితోటలు... అదే మన ట్రయల్. కంకర మీద చక్రం జారకుండా ఉండాలంటే టైర్లో గాలి రోడ్డు మీదకంటే కొంచెం తగ్గించాలి. గాలి తగ్గితే టైరు రాయి చుట్టూ వంగి పట్టు దొరుకుతుంది. కానీ టైరు పక్కన రాసున్న కనీస పీఎస్‌ఐ కంటే తగ్గించొద్దు, రిమ్ముకి ట్యూబు నలిగి పంక్చర్ అయిపోద్ది. ఎత్తు ఎక్కే ముందే గేరు మార్చుకోండి. దిగేటప్పుడు సీటు మీంచి లేచి, రెండు పెడళ్లూ సమానంగా పెట్టి, బరువు వెనక్కి వేయండి. రెండు బ్రేకులూ మెల్లగా నొక్కండి. ముందు బ్రేకొక్కటే గట్టిగా పట్టారా, బోల్తా కొట్టడమే.

ఇప్పుడు నల్లరాయి సంగతి. అది మాంగనీస్. మన దేశంలో మాంగనీస్ తవ్వకం 1892లో మొదలైంది మన ప్రాంతంలోనే. తర్వాత, 1893-96 మధ్య, కటక్ నుంచి విజయవాడ దాకా రైలు మార్గం పడింది. మన స్టేషన్ ఉన్నది ఆ లైను మీదే. గరివిడి వైపు ఉన్న కోడూరు పేరుతో ఒక రాయికే పేరుంది తెలుసా? కోడూరైట్. భూగర్భ శాస్త్రవేత్త ఫెర్మర్ పెట్టిన పేరది. భారతదేశ మాంగనీస్ నిక్షేపాల మీద ఆయన రాసిన పెద్ద గ్రంథం 1909లో వచ్చింది. మన ఊరి పేరు ప్రపంచంలో జియాలజీ చదివేవాళ్ల నోట్లో ఉందన్నమాట!

ఇదంతా సైకిల్‌కేం సంబంధం అంటారా? ఉక్కు కరిగించేటప్పుడు అందులోని ఆక్సిజన్, గంధకం చెడు చేయకుండా చూసేది మాంగనీసే. ఉక్కుకి గట్టిదనం ఇచ్చేదీ అదే. మీ సైకిల్ చైన్లో కూడా కొంచెం ఉంటుంది. అంటే నల్లరాయి మీద నల్లరాయే దొర్లుతోంది.

అయితే ఈ చరిత్ర గుంతలు కూడా మిగిల్చింది. నేను గట్టిగా చెప్పాలనుకున్నది ఇదే. పాత క్వారీ గుంతలో వాననీరు నిండితే చూడ్డానికి చెరువులా ఉంటుంది. కానీ చెరువు మెల్లగా లోతవుతుంది, క్వారీ అలా కాదు. ఒక్క అడుగు వేస్తే నిలువు లోతు. గట్టు కూడా తవ్విపోసిన వదులు మట్టి, చక్రం బరువుకే కూలొచ్చు. ఈత వచ్చినోళ్లు కూడా పైకి ఎక్కడానికి పట్టు దొరకదు. కాబట్టి అక్కడ స్నానాలొద్దు, అంచున సెల్ఫీలొద్దు. పని జరుగుతున్న గనుల్లోకి అనుమతి లేకుండా అస్సలు వెళ్లొద్దు.

ఇంకోటి. ఇక్కడ చినుకు లేకపోయినా పైన కొండల్లో వాన పడితే గెడ్డ ఒక్కసారిగా పొంగుతుంది. నీళ్లు ఎర్రగా మారినా, చెత్త కొట్టుకొచ్చినా దాటొద్దు. ఆగండి, వెనక్కి రండి.

ఒక్కరే వెళ్లకండి, ఎటు వెళ్తున్నారో ఇంట్లో చెప్పండి, నీళ్ల సీసా, పంపు పెట్టుకోండి. గని పనిలో బతికిన పెద్దాళ్లు మీ ఊళ్లో ఉంటే, ఆగి రెండు మాటలు అడగండి. పుస్తకాల్లో దొరకనిది వాళ్ల దగ్గర దొరుకుద్ది. ఉంటాను మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.