సర్వర్‌లో రెయిడ్ కార్డు: అమర్చే విధానం



మన హాస్టల్ నుంచి పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ చదివి కంప్యూటర్ పనుల్లోకి వెళ్ళేవాళ్ళు ప్రతి ఏడూ ఉంటారు. ఉద్యోగంలో చేరాక నన్ను బాగా భయపెట్టిన పని సర్వర్‌లో రెయిడ్ కార్డు బిగించడం. ఆ భయం మీకు ఉండకూడదని ఇది రాస్తున్నాను.

హార్డ్ డిస్కు ఎప్పటికైనా పాడయ్యే వస్తువే. ఇంట్లో కంప్యూటర్‌లో పాడైతే నష్టం ఆ ఇంటికే. సర్వర్‌లో పాడైతే ఆఫీసు మొత్తం ఆగిపోతుంది. అందుకే కొన్ని డిస్కులను కలిపి ఒకే డిస్కులా వాడుతూ, ఒకటి పోయినా సమాచారం నిలిచేలా చేసే ఏర్పాటే రెయిడ్. 1988లో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ తమ పరిశోధనా పత్రంలో దీన్ని వివరించారు. ఖరీదైన పెద్ద డిస్కు ఒకటి కొనేకంటే చౌక డిస్కులు కొన్ని కలిపి వాడుకోవచ్చన్నది వారి ఆలోచన.

ఏ రకం ఎంచుకోవాలి?

మన దగ్గర 4 టెరాబైట్ల డిస్కులు నాలుగు ఉన్నాయనుకుందాం.

రెయిడ్ 0: 16 టెరాబైట్లూ వాడుకోవచ్చు. కానీ ఒక్క డిస్కు పోతే అంతా పోయినట్టే.
రెయిడ్ 5: 12 టెరాబైట్లు వస్తాయి. ఒక డిస్కు పోయినా ఫర్వాలేదు.
రెయిడ్ 6: 8 టెరాబైట్లు. ఏ రెండు డిస్కులు పోయినా తట్టుకుంటుంది.
రెయిడ్ 10: ఇదీ 8 టెరాబైట్లే. డిస్కులు జతలుగా ఒకదానికొకటి నకలు ఉంచుకుంటాయి. వేగం ఎక్కువ. ఒకే జతలోని రెండూ పోతే మాత్రం నష్టం.
రెండే డిస్కులుంటే రెయిడ్ 1 సరిపోతుంది. రెండింటిలోనూ అదే సమాచారం ఉంటుంది.

పోయిన డిస్కులోని సమాచారం రెయిడ్ 5లో తిరిగి ఎలా వస్తుంది? ప్రతి వరుసలో 1ల సంఖ్య సరిసంఖ్యగా ఉండాలన్నది నియమం. మూడు డిస్కుల్లో 1, 0, 1 ఉంటే నాలుగో దానిలో 0 రాస్తారు. రెండో డిస్కు పోయిందనుకోండి. మిగిలినవి 1, 1, 0. 1లు ఇప్పటికే రెండున్నాయి కాబట్టి పోయింది 0 అని తేలుతుంది. ఈ లెక్కంతా కార్డే చూసుకుంటుంది.

అమర్చడం

1. ముందుగా ఉన్న సమాచారాన్ని వేరేచోట బ్యాకప్ తీసుకోండి. సర్వర్ ఆపి పవర్ కేబుళ్ళన్నీ పీకేయండి. చేతికి యాంటీ స్టాటిక్ పట్టీ కట్టుకోండి.
2. కార్డును అంచులు పట్టుకుని పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్‌లో సమానంగా నొక్కి స్క్రూ బిగించండి. కార్డు బాగా వేడెక్కుతుంది, గాలి తగిలే స్లాట్ చూసుకోండి.
3. కార్డు నుంచి డిస్కులు కూర్చునే బ్యాక్‌ప్లేన్‌కు కేబుల్ కలపండి. కార్డుకు బ్యాటరీ ఉంటే అదీ కలపండి.
4. సర్వర్ ఆన్ చేసి కార్డు మెనూలోకి వెళ్ళండి. పాతవాటిలో కంట్రోల్ మీటతో పాటు ఏ మీట నొక్కాలో తెర మీదే కనిపిస్తుంది. కొత్తవాటిలో యూఈఎఫ్ఐ సెటప్‌లో ఉంటుంది.
5. డిస్కులు, రెయిడ్ రకం ఎంచుకుని వర్చువల్ డిస్కు తయారు చేయండి. బ్యాటరీ ఉంటే రైట్ బ్యాక్, లేకపోతే రైట్ త్రూ పెట్టండి. బ్యాటరీ లేకుండా రైట్ బ్యాక్ పెడితే, కరెంటు పోయినప్పుడు ఇంకా డిస్కుకు చేరని సమాచారం పోతుంది.
6. ఇనీషియలైజ్ చేస్తే పాతదంతా చెరిగిపోతుంది. వేరే సర్వర్ డిస్కులు పెట్టినప్పుడు ‘ఫారిన్ కాన్ఫిగరేషన్’ అని వస్తే కంగారుపడి క్లియర్ నొక్కకండి. పాత సమాచారం కావాలంటే ఇంపోర్ట్ చేయాలి.
7. విండోస్ ఎక్కించేటప్పుడు డిస్కు కనిపించకపోతే కార్డు పాడైందనుకోకండి. లోడ్ డ్రైవర్ నొక్కి ఆ కార్డు డ్రైవర్ ఇవ్వండి.

ఇక్కడితో పని అయిపోయిందనుకోవడమే నేను చేసిన తప్పు. ఒక ఆఫీసులో నాలుగు డిస్కులతో రెయిడ్ 5 పెట్టి వచ్చాను. డిస్కు పోతే ఈమెయిల్ వచ్చే ఏర్పాటు చేయలేదు. కొన్నాళ్ళకు ఒక డిస్కు పోయింది. సర్వర్ మామూలుగానే నడుస్తుండడంతో తాళం వేసిన గదిలో వెలిగిన హెచ్చరిక దీపాన్ని ఎవరూ చూడలేదు. తర్వాత రెండోదీ పోయింది. బ్యాకప్ కూడా లేదు. అక్కడి గుమాస్తాలు కాగితాల కట్టలు ముందేసుకుని లెక్కలన్నీ మళ్ళీ ఎక్కిస్తుంటే తలెత్తి చూడలేకపోయాను. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభమేముంది?

అందుకని మూడు మాటలు గుర్తుంచుకోండి. ఈమెయిల్ హెచ్చరిక పెట్టి, సమాచారం ఎక్కించకముందే ఒక డిస్కు తీసి, అది వస్తుందో లేదో చూడండి. వీలైతే ఒక డిస్కును హాట్ స్పేర్‌గా ఉంచండి, ఏదైనా పోగానే అది ఆ స్థానంలోకి వస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, రెయిడ్ బ్యాకప్ కాదు. పొరపాటున ఫైలు చెరిపేస్తే అన్ని డిస్కుల్లోనూ చెరిగిపోతుంది.

మనం బిగించేది చిన్న కార్డే. దాని వెనక ఎందరి జీతాలో, ఎందరి మార్కులో ఉంటాయి. అది మరచిపోకుండా పని చేయండి తమ్ముళ్ళూ.

మీ అన్న,
ఒక పూర్వ విద్యార్థి